పటంలో పిరికివాని మలుపు

సర్వే కార్యాలయం మేడ మీద, కిటికీలు ఎప్పుడూ తెరవని ఒక గదిలో, మంచమంత వెడల్పున్న సొరుగులున్నాయి. జిల్లా పాత పటాలన్నీ వాటిలోనే పడుకుని ఉంటాయి. కొండల్నీ పల్లాల్నీ ఎత్తు గీతలతో చూపించే పెద్ద షీట్లు అవి. ఒకే షీటు పాత కూర్పులు మూడూ తీసి బల్ల మీద పక్కపక్కన పరిస్తే కాలక్షేపానికి లోటుండదు. మొదటి కూర్పులో దర్జాగా నిలబడ్డ ఇటుకబట్టీ పొగగొట్టం రెండోదాంట్లో ‘శిథిలం’ అయింది, మూడోదాంట్లో లేనే లేదు. పడవల రేవు చెరిగిపోయి దాని మీద వంతెన పడింది. పిండిమర వచ్చింది, పోయింది. కొండ సైతం రెండడుగులు కుంగింది. నిజానికి కొండకేం కాలేదు, కొలిచినవాళ్ళు మారారు.

పటమంటే కొలిచి గీసిన సత్యమని చదువుకున్నవాళ్ళలో చాలామందికి ఒక భక్తి. గీతల వరకూ ఆ భక్తి చెల్లుతుందేమో. పేర్ల దగ్గర చెల్లదు. కొండని కొలవడానికి పనిముట్లున్నాయి. పేరుని కొలవడానికి ఏముంది? సర్వేయరు వచ్చిన పూట దారిలో ఎవరు తారసపడితే వాళ్ళ నోట ఏది వస్తే అదే పేరు. అచ్చులో పడ్డాక దానికి గౌరవం వస్తుంది, గౌరవం వచ్చాక వయసు వస్తుంది, ఆ తర్వాత దాన్ని కదపడం ఎవరివల్లా కాదు.

మూడు కూర్పుల్లోనూ మారని పేరు ఒకటుంది. కొండ కింద రోడ్డు మెలితిరిగే చోట, చిన్న నల్లచదరం పక్కన, కాస్త వాలుగా రాసిన అక్షరాలు: ‘పిరికివాని మలుపు’. జనం నోట్లో అది పిరికోడి మలుపు. ఆ నల్లచదరం ఒక ఇల్లు. ఆ ఇంట్లో పుట్టి, అక్కడికే మొగుణ్ణి తెచ్చుకుని, చుట్టుపక్కల పల్లెలన్నిటికీ సైకిలు మీద ఉత్తరాలు పంచిన మనిషి కథ ఇది. అందరూ ఆవిణ్ణి పోస్టమ్మ అంటారు.

పిరికివాడు ఆవిడ తాత.

మొదటి సర్వే రోజుల్లో కొండ మీద రాత్రిళ్ళు పెద్ద దీపం వెలిగించి ఉంచేవారు. దూరంగా ఇంకో కొండ మీద దుర్బిణి బిగించుకుని కూర్చున్నవాళ్ళు ఆ వెలుగుని చూసి కోణాలు కొలిచేవారు. మనిషి దిట్టంగా ఉన్నాడనీ, ఇల్లు కొండ కిందేననీ తాతని దీపం కాపలాకి పెట్టుకున్నారు. ఒక రాత్రి దీపం ఆరిపోయింది. అవతలి కొండ మీదివాళ్ళు తెల్లవార్లూ చీకటిని కొలుస్తూ కూర్చున్నారు. పొద్దున్నే మండిపడుతూ వచ్చి వెతికితే, తాత తన ఇంట్లోనే అటక మీద గోనెసంచుల వెనకాల దొరికాడు. ఏం చూసి పారిపోయాడో పోయేదాకా చెప్పలేదు. ఇంట్లోవాళ్ళు జ్వరం అన్నారు. ఊళ్ళోవాళ్ళు నక్క అన్నారు. చెప్పేవాణ్ణి బట్టి ఆ నక్క ఒకోసారి చిరుతపులి అవుతుంది, ఒకోసారి తప్పిపోయిన మేకపిల్ల అవుతుంది.

కొన్నాళ్ళకి అదే సర్వేయరు పేర్లు రాసుకుంటూ మలుపు దగ్గరికి వచ్చాడు. “దీన్నేమంటారు?” అని అడిగితే గుంపులోంచి ఎవడో “పిరికోడి మలుపు” అని అరిచాడు. అందరూ నవ్వారు. సర్వేయరూ నవ్వాడు, నవ్వి రాసుకున్నాడు. ఆయన రాసుకోకపోతే ఆ వేళాకోళం ఏడాది తిరిగేసరికి చచ్చిపోయేది. పటం దాన్ని బతికించింది. పటం చూసి రోడ్లవాళ్ళు రాయి పాతారు, రాయి చూసి బస్సులవాళ్ళు స్టాపు పెట్టారు, స్టాపు చూసి ఆఫీసులవాళ్ళు చిరునామాలు రాశారు.

పోస్టమ్మ చిన్నప్పుడు బళ్ళో ఒక పంతులు రెండో కూర్పు షీటు గోడకి తగిలించి, “ఎవరి ఇల్లు వాళ్ళు వేలుతో చూపించండి” అన్నాడు. పిల్లలు ఎగబడ్డారు. మర పక్కన మాది, వంతెన దాటాక మాది అని గోల. ఈ పిల్ల వంతు వచ్చేసరికి వెళ్ళి అరచెయ్యి మొత్తం మలుపు మీద అదిమిపెట్టి నిలబడింది. “వేలుతో అన్నానా, చేత్తో అన్నానా?” అన్నాడు పంతులు. చెయ్యి తియ్యలేదు. వెనక బెంచీలోంచి మేనమామ కొడుకు లేచొచ్చి, ఆ చేతిని పట్టుకు లాగి, పేరు బిగ్గరగా చదివాడు. తరగతి తరగతంతా విరగబడి నవ్వింది. ఆ నవ్వులో విషం ఏమీ లేదు. ఎవరికైనా నవ్వొచ్చే పేరే అది. కానీ ఆ పిల్ల ఆ రోజు నుంచీ బస్సు ఒక స్టాపు ముందే దిగి నడిచి ఇంటికి వచ్చేది. పెద్దయ్యాక ఎవరైనా ఇల్లెక్కడంటే “కొండ కింద” అనేది. వాళ్ళ నాన్నా అలాగే అనేవాడు. ఆ ఇంటి సిగ్గు అలా ఒక చేతి నుంచి ఇంకో చేతికి వచ్చింది, పాత బిందెలా.

ఉత్తరాలు పంచే ఉద్యోగం దొరికాక ఆవిడకి నిలబడడానికో చోటు దొరికినట్టయింది. తలుపులో సందు ఎటువైపుందో, కుక్క ఎక్కడిదాకా వస్తుందో, ఏ ఇంట్లో ఏ ఉత్తరం గట్టిగా చదవకూడదో అన్నీ తెలుసు. వానలో సంచీని తన ఒంటికంటే ముందు కప్పేది. ఉత్తరం పోయిందన్న మాట ఆవిడ మీద ఎన్నడూ రాలేదు.

పటాల్ని సవరించే పద్ధతి ఒకటుంది. కొత్త కూర్పు వేసే ముందు సర్వే మనిషి ఒకడు పాత షీటు పట్టుకుని ఊరూరా తిరుగుతాడు. ఉన్నవి ఉన్నాయా, పోయినవి పోయాయా చూస్తాడు. పేర్ల దగ్గరికొచ్చేసరికి ముగ్గుర్ని అడుగుతాడు: ఉత్తరాలు పంచేవాళ్ళని, బడి పెద్దని, ఊళ్ళో తెలివిలో ఉన్న ముసలివాళ్ళలో ఒకరిని. ముగ్గురూ వాడుకలో ఉందంటే పేరు ఉంటుంది, లేదంటే పోతుంది. పద్ధతి బాగానే ఉంది. ఎటొచ్చీ ఆ ముగ్గురూ మనుషులు. మూడో కూర్పప్పుడు పోస్టమ్మ ఉద్యోగంలో కొత్త. “ఈ పేరుతో ఉత్తరాలొస్తాయా?” అని సర్వే మనిషి అడిగితే, పాత పోస్టుమాను వసారాలో కూర్చుని, “ఎందుకు రావండీ, బ్రహ్మాండంగా వస్తాయి” అన్నాడు. ఆవిడ పక్కనే సైకిలు పట్టుకుని నిలబడి ఉంది. ఈసారి, నాలుగో కూర్పుకి, ఆ ప్రశ్న తననే అడుగుతారు. సర్వే మనిషి, ఊళ్ళోవాళ్ళ మాటలో పటాలాయన, ఎండలు ముదిరేలోగా వస్తాడని కబురు రాగానే ఆవిడకి ముందు తోచింది అదే.

“ఈసారి ఆ పేరు తీయించేస్తాను” అంది మొగుడితో.

ఆయన సైకిళ్ళు బాగుచేస్తాడు. ఇల్లరికం వచ్చిన నాటి నుంచీ ఆ ఇంటి సిగ్గులో తన వాటా తీసుకోవడానికి ఒప్పుకోని మనిషి. “పేరు తీస్తే మలుపు తిన్నగా అయిపోతుందా? మా ఊళ్ళో మా సందు పేరు గాడిదల సందు. నేనేమైనా ఓండ్ర పెట్టానా?”

“నిద్రలో పెడతావు.”

“అదేదో గురకలే. పటంలోకెక్కదు.”

మర్నాడు బడికి వెళ్ళింది. బడి పెద్ద ఆ మేనమామ కొడుకే, అప్పుడు చెయ్యి లాగినవాడు.

“ఏం మరదలా, సంచీ లేకుండా వచ్చావు? ఉద్యోగం ఊడబెరికారా ఏంటి?”

“నోరు కాస్త కడుక్కో బావా. పనుండి వచ్చా.” పని చెప్పింది.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “నన్నేం చెప్పమంటావు? ధైర్యవంతుల మలుపు అనా?”

“ఏమీ చెప్పొద్దు. అలాంటి పేరు వాడుకలో లేదను, చాలు.”

“నిన్న మూడో తరగతివాడు చీటీ తెచ్చాడు, పిరికోడి మలుపు దగ్గర పడి మోకాలు చెక్కుకుపోయిందని. దాన్నేం చెయ్యను?”

“చించెయ్.”

ఆయన నవ్వబోయి ఆగాడు. ఆవిడ కుడిచేతిని సగం మూసి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆయన ఆ చేతివంక ఒకసారి చూసి, “సరేలే. లేదంటాను” అన్నాడు.

ముసలివాళ్ళ తరఫున పటాలాయన అడగబోయేది దర్జీ తాతని. ఆయన అంత తేలిగ్గా లొంగలేదు. మిషను మీద కూర్చునే మాట్లాడాడు. “ఉన్నదాన్ని లేదని ఎందుకు చెప్పాలే? మీ తాత అటక దిగినప్పుడు నేను గుమ్మంలో ఉన్నా. చిన్నవాణ్ణి. నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నా.”

“లేదనకు తాతా. మర్చిపోయానను. నీ వయసుకి ఎవరేమంటారు?”

“మర్చిపోవడమా? నీ పెళ్ళినాటి జాకెట్టు కొలతలు చెప్పనా ఇప్పుడు, వీధిలోకి వినబడేలాగ?”

“వద్దు మహానుభావా.” ఆవిడ లేచి నిలబడి చీర దులుపుకుంది. “నీ కూతురు ఉత్తరం రాసే టైమయింది కదూ? ఈసారి ఎవరిచేత చదివించుకుంటావో మరి.”

నవ్వుతూనే అంది. తాతా నవ్వుతూనే విన్నాడు. చదవడం రాని మనిషి, కూతురి ఉత్తరాలు ఎన్నేళ్ళుగానో ఆవిడ గొంతుతోనే వింటున్నాడు. మిషను కాసేపు ఆగి మళ్ళీ మొదలైంది. “మర్చిపోయానంటాలే” అన్నాడు తల ఎత్తకుండా.

ఇక మిగిలింది తన మాట. ఇక్కడే ఆవిడ ఉద్యోగాభిమానం అడ్డొచ్చింది. వచ్చే ఉత్తరాల్ని రావడం లేదని ఎలా చెబుతుంది? అబద్ధం ఆడడం ఆవిడకి చేతకాదని ఊళ్ళో అందరూ మెచ్చుకునేవారు. అబద్ధం ఆడలేనివాళ్ళు కొన్నిసార్లు ప్రపంచాన్నే వంచి, తమ మాటని నిజం చేసుకుంటారు. దీన్ని నిజాయితీ అనడం మన అలవాటు.

మలుపు దగ్గర ఇళ్ళు కొన్నే. చుట్టాలు రాసే ఉత్తరాలమీద ‘కొండ కింద’ అనో, ఇంటాయన పేరో ఉంటుంది. పటంలోని పేరు వాడేది ఆఫీసులవాళ్ళే. అలాంటి కవరు చేతికొచ్చినప్పుడల్లా ఆవిడ దాన్ని పక్కకి తీసి, ఊదా సిరాతో ‘అటువంటి స్థలం లేదు’ అన్న ముద్ర కొట్టి, పొట్టి సంతకం పెట్టి, వెనక్కి పోయే సంచీలో వేయడం మొదలుపెట్టింది. కవరు అందుకునేటప్పుడు బొటనవేలు పై వరుస మీద ఉంచేది. పై వరుసలో మనిషి పేరుంటుంది. అది చూస్తే ముద్ర కొట్టడానికి చెయ్యి రాదని ఆవిడకి తెలుసు. తెలుసు కనుకే బొటనవేలు అక్కడుంది. చలి వెళ్ళి ఎండలొచ్చేదాకా ఈ పని సాగింది.

పోస్టమ్మ ఇంటి వెనక మేకలు కాసుకునే ఒంటరిదొకావిడ ఉంది. అందరికీ మేకలత్త. రెండు కళ్ళకీ పొరలు కమ్మి, మేకల్ని మెడగంటల చప్పుడుతో పోల్చుకునేది. పట్నం ఆస్పత్రిలో చూపించుకుంటే, ఆపరేషనుకి తేదీ ఉత్తరంలో తెలియజేస్తామన్నారు. రోజూ గుమ్మంలో నిలబడి సైకిలు చప్పుడు వినగానే అడిగేది.

“నాకేమైనా ఉందటే అమ్మాయ్?”

“లేదత్తా. వస్తే తేనూ?”

“నువ్వు తెస్తావని తెలుసులేవే. వాళ్ళే రాసిచావరు.”

అప్పుడు పోస్టమ్మకి ఆస్పత్రి కూడా ఒక ఆఫీసేనని తట్టలేదు. తట్టలేదంటే నమ్మడం కష్టం. ఆవిడా ఆ తర్వాత తననే నమ్మలేకపోయింది.

పటాలాయన వచ్చాడు. సన్నగా, ఎండకి తోలు ఊడిన ముక్కుతో, ఎవరు కుర్చీ వేసినా కూర్చోకుండా నిలబడే మనిషి. పోస్టాఫీసు వసారాలో బల్ల మీద షీటు పరిచి నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టాడు. ముగ్గురూ బల్ల చుట్టూ చేరారు. వంతెన, బడి, కొత్త నీళ్ళ ట్యాంకు, అన్నీ అయ్యాక ఎర్ర పెన్సిలు మలుపు దగ్గర ఆగింది.

“ఈ పేరు వాడతారా?”

బడి పెద్ద గొంతు సవరించుకుని, “ఇప్పుడెవరూ అనడం లేదండి” అన్నాడు. దర్జీ తాత, “నాకు జ్ఞాపకం లేదు నాయనా” అని రోడ్డువైపు తిరిగాడు.

“మీరేమంటారమ్మా? దీంతో ఉత్తరాలొస్తాయా?”

“ఆ పేరుతో ఈమధ్య ఒక్కటీ పంచలేదండి.”

ఒక్క అక్షరం అబద్ధం లేదు. పటాలాయన పేరు మీద అడ్డంగా ఎర్రగీత గీసి, అంచున ఇద్దరి సంతకాలూ, దర్జీ తాత వేలిముద్రా తీసుకున్నాడు. అంతే. ఒక మనిషి అటక మీద దాక్కున్న రాత్రిని చెరిపేయడానికి పట్టిన సేపు అది. ఆ వారమంతా పోస్టమ్మ ఈల వేసుకుంటూ తిరిగిందని మొగుడు ఇప్పటికీ చెబుతాడు.

వారం చివర మేకలత్త కర్ర పొడుచుకుంటూ వచ్చి అరుగు మీద కూర్చుంది. చీర ముందంతా తడిసి ఉంది. “పాలు పిండితే సగం గిన్నెలో, సగం ఒళ్ళో. కుడికన్ను బొత్తిగా మూసుకుపోయిందే. ఆస్పత్రివాళ్ళు నన్ను మర్చేపోయారు. ఓసారి తోడొచ్చి అడిగిపెట్టవూ? నువ్వు కాగితాలు తెలిసినదానివి.”

ఆవిడకి అప్పుడు తెలిసింది. ఎన్ని కవర్లు ముద్ర కొట్టిందో, వాటిలో గోధుమరంగువి ఎన్నో, గుర్తు తెచ్చుకోబోతే గుర్తొచ్చింది ఒక్కటే, తన బొటనవేలు.

“వస్తానత్తా. రేపే” అంది.

ఆస్పత్రిలో కిటికీ వెనక గుమాస్తా పెద్ద పుస్తకం తిరగేసి విసుక్కున్నాడు. “తేదీ ఎప్పుడో అయిపోయింది కదమ్మా. ఉత్తరం పంపాం. ‘అటువంటి స్థలం లేదు’ అని తిరిగొచ్చింది. మీ చోటు ఇంకొకరికిచ్చేశాం.”

“లేకపోవడమేంటి?” అంది మేకలత్త. “నేనుంటున్నా కదా అక్కడ? నా మేకలున్నాయి. ఇదిగో, ఇది మా పోస్టమ్మే, అడగండి.”

“అయితే మీ పోస్టువాళ్ళనే అడగండి, కళ్ళు నెత్తికెక్కాయా అని.”

“మా పోస్టమ్మనేమీ అనకు. తన పని మానుకుని నన్ను తీసుకొచ్చింది.” మేకలత్త గొంతు లేచింది. వెనక వరుసలోవాళ్ళు తొంగిచూశారు. “వానలో, ఎండలో ఇంటింటికీ...”

“కావాలంటే కవరు ఉంది, చూపిస్తా” అని గుమాస్తా లేవబోయాడు.

“వద్దండి” అంది పోస్టమ్మ. “ఆ ముద్ర కొట్టింది నేనే.”

గుమాస్తా మళ్ళీ కూర్చున్నాడు. మేకలత్త గొంతు వచ్చినవైపు తల తిప్పింది, మేక అరిస్తే తిప్పినట్టు. “ఏంటే?”

“నేనే అత్తా. పేరు చూసి వెనక్కి పంపా. మలుపు పేరు. నీ పేరు చూడలేదు.”

చూడలేదన్నమాట ఎంత నీచంగా ఉందో ఆవిడకి పైకి అన్నాకే వినిపించింది. మేకలత్త తిట్టలేదు. తిడితే బాగుండేది. గుమాస్తావైపు తిరిగి, “కొత్త తేదీ ఎప్పుడిస్తావు నాయనా?” అంది. గుమాస్తా ఏమనుకున్నాడో, పుస్తకంలో ఎవరిదో గడి ఒకటి కొట్టేసి దగ్గరి తేదీ ఇచ్చాడు.

తిరుగు బస్సులో మేకలత్త కిటికీ పక్కన కూర్చుంది, కనపడని పొలాలవైపు మొహం పెట్టి. పోస్టమ్మ ఏవేవో మాటలు పేర్చుకుంది. తాత, దీపం, గోడ మీద పటం. ఒక్కటీ నోటిదాకా రాలేదు. అన్నీ తన గురించే.

ఆపరేషను అయింది. ఎడమ కన్ను బాగా తేరుకుంది, కుడికన్ను అంతంతమాత్రం. ముందే వచ్చి ఉంటే అదీ వచ్చేదా అని పోస్టమ్మ డాక్టర్ని పక్కకి పిలిచి అడిగింది. “చెప్పలేమమ్మా” అన్నాడాయన. అవుననైనా, కాదనైనా అనుంటే దాన్ని పట్టుకుని బతికేది. చెప్పలేమన్నదాన్ని పట్టుకుని ఎలా బతకాలో ఎవరూ చెప్పరు.

పోస్టుమాస్టరుకి తనే వెళ్ళి చెప్పింది. ఆయన చెడామడా తిట్టి, కాగితం మీద మందలింపు రాసి, “ఇంకెవరివి పంపావు?” అన్నాడు. ఆవిడకి తెలియదు. మలుపు దగ్గర ఇళ్ళన్నీ తిరిగి, “మీకు రావాల్సినవేవైనా రాలేదా?” అని అడిగింది. ఎందుకు అడుగుతోందో చెప్పబోయేలోపే, “ఎంత శ్రద్ధమ్మా నీకు!” అన్నారు వాళ్ళు. కొన్ని గుమ్మాల దగ్గర నిజం చెప్పింది. కొన్నిటి దగ్గర మెచ్చుకోలు పుచ్చుకుని వచ్చేసింది. రెండూ చేసింది. మనుషులు అలాగే చేస్తారు.

పటాలాయన ఇంకా జిల్లాలోనే ఉన్నాడని, వంతెన అవతల సత్రంలో దిగాడని తెలిసి సైకిలెక్కింది. ఆ పేరు మళ్ళీ రాయాలంది. ఆయన ముక్కు గోక్కున్నాడు.

“ముగ్గురు లేదన్నారు. ఇప్పుడు మీరొక్కరు ఉందంటే ఎలాగమ్మా? ముగ్గురూ రండి.”

“ఉందండీ. అందరూ అలాగే అంటారు.”

“అప్పుడు లేదని ఎందుకన్నారు?”

“మా తాత అండీ, ఆ పిరికివాడు.”

ఆయన ఆవిడవంక మొదటిసారి మనిషిని చూసినట్టు చూశాడు. అయినా పద్ధతి పద్ధతేనన్నాడు.

బావ అంతా విన్నాడు. “నేను పెట్టిన సంతకం కూడా ఆ కవర్లతో పాటు వెనక్కి పంపమంటావు” అని, చొక్కా మార్చుకుని బయల్దేరాడు. దర్జీ తాత మాత్రం కుదరదన్నాడు. “ఒకసారి మర్చిపోయానన్నా. రెండోసారి జ్ఞాపకం వచ్చిందంటే నన్ను పిచ్చాసుపత్రిలో వేస్తారు. నీ సిగ్గు కోసం నేనెన్నిసార్లు వెధవనవ్వాలే?” అని, ఆవిడ వెళ్ళబోతుంటే కూతురి ఉత్తరం తీసి సొరుగులో పెట్టేశాడు. “బడిపిల్ల ఒకత్తి చదివిపెడతానంది” అన్నాడు. ఆ తర్వాత ఆయన ఉత్తరాలు ఆవిడ గుమ్మంలో ఇచ్చి రావడమే తప్ప లోపలికి పిలుపు లేదు.

మూడో మనిషి కోసం వెతుకుతున్నారని మేకలత్త చెవినపడింది. ఎవరూ అడగకుండానే వచ్చింది. పచ్చ గుడ్డ ముక్క కుడికంటి మీద, ఎడమ కన్ను నీళ్ళు కారుతూ, సత్రం గుమ్మంలో నిలబడి, “వయసులో నేనూ తక్కువదాన్ని కాను. నన్నడుగు నాయనా” అంది.

పటాలాయన షీటు తిప్పి ఆవిడ ముందు పెట్టాడు. “కొండ కింద మలుపుని ఏమంటారమ్మా?”

“పిరికోడి మలుపు.”

“ఎందుకంటారు?”

“ఎవడో దీపం వదిలేసి ఇంట్లో దాక్కున్నాట్ట. అదెంత పని? చీకట్లో కొండ మీద ఒంటరిగా నేనైనా దిగొచ్చేసేదాన్ని. వాడు ఎవరి కన్నూ పొడవలేదు.” మేకలత్త ఆగి, కర్ర మీద చెయ్యి మార్చుకుంది. “రాసుకో బాబూ. పేరు సరిగ్గానే ఉంది.”

పోస్టమ్మ గోడకి ఆనుకుని నేల చూస్తూ ఉంది. బావ ఏదో అనబోతే చేత్తో వారించింది. పటాలాయన ఎర్రగీత పక్కన ‘ఉంచవలెను’ అని రాసి, ముగ్గురి సంతకాలూ తీసుకున్నాడు. మేకలత్త వేలిముద్ర వేయనంది. సంతకమే పెడతానని, మొహం కాగితానికి ఆనించి, అక్షరం తర్వాత అక్షరం చాలాసేపు రాసింది. పోస్టమ్మ ఆ సేపంతా అక్కడే నిలబడాల్సి వచ్చింది.

కొత్త కూర్పు అచ్చయి వచ్చింది. మలుపు పేరు అక్కడే ఉంది, అవే వాలు అక్షరాల్లో. పోస్టమ్మ ఉద్యోగం మానలేదు. మానితే గొప్పగా ఉండేదనుకునేవాళ్ళున్నారు. సంచీ వేరొకరి చేతికి పోయి ఆవిడ ఇంట్లో కూర్చుంటే ఎవరికి ఒరిగేది? రోజూ అదే దారిన వెళ్తుంది, ప్రతి కవరు మీదా ముందు పై వరుస చదువుతుంది.

మేకలత్తకి ఉత్తరాలు తక్కువ. ఆస్పత్రి నుంచి రెండు నెలలకో కాగితం వస్తుంది, కన్ను చూపించుకోమని. గుమ్మంలో పోస్టమ్మ చెయ్యి చాపి ఇస్తుంది. మేకలత్త వెంటనే పుచ్చుకోదు. ఆ చేతిలోనే ఉంచి, ఎడమ కన్ను దగ్గరికి తెచ్చి, పై వరుస నుంచి మొదలుపెట్టి చిరునామా అంతా పైకి చదువుతుంది. తన పేరు, ఇంటి నంబరు, మలుపు పేరు, ఊరు, ఒక్కటీ వదలదు. చదవడం అయ్యాక, “ఊఁ, నాదే” అని పుచ్చుకుంటుంది. అప్పటిదాకా పోస్టమ్మ చెయ్యి చాపే ఉంచుతుంది.